ఏ పెద్దమ్మ దగ్గరికి?

అనగనగా ఇప్పచెట్లు విరివిగా ఉన్న ఒక అడవిలో, కొండచరియ కింద నల్లరాతి గుహ ఒకటి ఉండేది. ఆ గుహలో ఒక ఎలుగుబంట్ల కుటుంబం కాపురం ఉండేది. దేవుడి దయ వల్ల వాళ్ళకి తిండికి లోటు లేదు, ప్రేమకీ లోటు లేదు. ఒక్క మాట దగ్గర మాత్రం లోటు వచ్చింది. ఆ మాటేమిటో చెప్తాను. సర్దుకుని కూర్చోండి.

ఆ ఇంటి యజమాని పుట్టయ్య. అతని భార్య ఇప్పమ్మ. పుట్టయ్య అక్క నరసమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. ఆవిడకి భక్తి ఎక్కువ. పొద్దున్నే వాగులో మునిగి, తడి బొచ్చుతో సూర్యుడికి దణ్ణం పెట్టుకోనిదే ఒక్క చెదపురుగునైనా నోట్లో వేసుకునేది కాదు.

ఇక ఇంటికి దీపంలాంటిది తునికి. ఐదు నెలల పిల్ల. పుట్టినప్పుడు పిడికెడే ఉంది. బతుకుతుందా లేదా అని ముగ్గురూ వంతులవారీగా గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. ఇప్పుడిప్పుడే తల్లి వీపు మీద బొచ్చు పట్టుకుని ఊరేగుతోంది.

ఆ గుహలో ఇంకొకరు కూడా ఉన్నారు. ఆమె పేరు బూడిద. ముసలి కుక్క. ఒకప్పుడు గొర్రెల మంద వెంట తిరిగేది. కాలు కుంటిదయ్యాక మంద ముందుకి పోయింది, తను వెనకబడింది. చలికాలంలో ఒక రోజు గుహ వాకిట్లో వచ్చి పడుకుంది. లోపల తునికి ఏడుస్తోంది. బూడిద మెల్లిగా వెళ్ళి పక్కన పడుకుంది. తునికి దాని తోక పట్టుకుని ఏడుపు మానింది. అంతే. ఆనాటి నుంచీ ఆ తోక గుప్పిట్లో లేకపోతే తునికికి నిద్ర పట్టదు.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. బయలుదేరేవాళ్ళని 'ఎక్కడికి?' అని అడగకూడదు. మన ఇళ్ళలోనూ ఉంది కదా! గడప దాటుతుంటే వెనకనుంచి ఎవరైనా 'ఎక్కడికి?' అంటే, పెద్దవాళ్ళు లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతారు. మనది గడప దగ్గర పట్టింపు. ఎలుగుబంట్లది అంతకంటే పొడుగైన పట్టింపు. పుట్టయ్య తాతగారు ఒకసారి తేనెకి వెళ్తుంటే ఎవరో 'ఎక్కడికి?' అన్నారట. ఆయన తేనెపట్టు అనుకుని కందిరీగల గూట్లో చెయ్యి పెట్టాడట. అప్పటినుంచీ, ప్రయాణం అనుకున్న రోజు మొదలు తిరిగొచ్చి కాళ్ళు కడుక్కునే దాకా, ఆ మాట ఆ గుహలో వినపడకూడదని పెట్టుకున్నారు.

ఇంకొక ఆచారం కూడా ఉంది. పిల్లకి ఆరో నెల రాకముందే, తొలకరి పడకముందే, ఒక పెద్ద చేత్తో తొలి తేనె నాకించాలి. తొలకరి పడిందంటే వాగులు పొంగుతాయి. దారులు మూసుకుపోతాయి. తేనెపట్లూ ఖాళీ అవుతాయి.

రోహిణి కార్తె ఎండల్లో ఒకనాడు పుట్టయ్య అన్నాడు.

"ఇప్పమ్మా, వానలు పడేలోగా మన తునికిని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్దాం. తొలి తేనె పెద్దమ్మ చేతి మీదుగానే జరగాలి. చాలా దూరం, కానీ తప్పదు."

ఇప్పమ్మ కళ్ళు చెమర్చాయి. "ఎన్నాళ్ళకి అన్నావయ్యా ఆ మాట!" అంది.

నరసమ్మ రెండు చేతులూ జోడించింది. "నా మనసులో మాట నీ నోట వచ్చింది తమ్ముడూ!" అంది.

ముగ్గురూ విన్నది ఒకటే మాట. ముగ్గురి మనసుల్లోకీ ముగ్గురు పెద్దమ్మలు వచ్చి కూర్చున్నారు.

పుట్టయ్య అనుకున్నది తన పెద్దమ్మని. వాళ్ళ పెదనాన్న భార్య. చిన్నప్పుడు అతన్ని పెంచింది ఆవిడే. ఉత్తరాన గబ్బిలాల గుహలో ఉంటుంది.

ఇప్పమ్మ అనుకున్నది తునికికి వరసైన పెద్దమ్మని. అంటే తన సొంత అక్కని. ఆవిడ తూర్పున పెద్ద ఏటికి అవతల, ఇసకదిబ్బల దగ్గర ఉంటుంది.

నరసమ్మ అనుకున్నది పెద్దమ్మ తల్లిని. పడమటి కొండ మీద రాతిమెట్లు ఎక్కితే వెలిసి ఉన్న అమ్మవారిని.

ఒక్కరు 'ఎక్కడికి?' అని ఉంటే ఆ పూటే తేలిపోయేది. కానీ ఆ మాట అనకూడదు కదా!

సరే, సర్దుకోవడం మొదలైంది.

మొదటి రోజు ఇప్పమ్మ ఎండిన సొరబుర్రలు ఏరుకొచ్చింది.

"ఇవెందుకే?" అన్నాడు పుట్టయ్య.

"పిల్ల నడుముకి కట్టొద్దూ? వెళ్ళేది నీళ్ళ దగ్గరికి."

పుట్టయ్య ఆలోచించాడు. పెద్దమ్మ గుహ పక్కన నీటి ఊట ఉన్న మాట నిజమే. మోకాలి లోతు కూడా ఉండదు. దానికి సొరబుర్రలా? 'తల్లి ప్రాణం. భయం ఉంటుందిలే' అనుకుని ఊరుకున్నాడు.

రెండో రోజు పుట్టయ్య బూరుగు దూది కుప్పగా తెచ్చి పరుపులా చుట్టాడు.

"ఎండలు మండిపోతుంటే దూదెందుకయ్యా?" అంది ఇప్పమ్మ.

"అక్కడ రాయి చల్లగా ఉంటుంది. పిల్లకి వణుకొస్తుంది."

ఇప్పమ్మకి అర్థం కాలేదు. 'అక్క ఉండేది ఇసకలో. రాయెక్కడినుంచి వచ్చింది?' అనుకుంది. దారిలో మజిలీ గురించి కాబోలు అని సరిపెట్టుకుంది.

మూడో రోజు నరసమ్మ వేపమండలు, ఎర్రపూలు, ఒక మోపు పసుపు కొమ్ములు తెచ్చి పెట్టింది.

"ఇన్ని పసుపు కొమ్ములెందుకు వదినా?"

"పెద్దమ్మకి ఒళ్ళంతా రాయొద్దూ!"

ఇప్పమ్మ ఆ మోపు వంక చూసింది. ఒళ్ళంతా పసుపు రాయాలా? అంటే ఒళ్ళంతా గాయాలేనా?

అంతలో పుట్టయ్య వచ్చాడు. "ఇప్పపూలు మెత్తటివి చూసి కట్టండి. పెద్దమ్మకి పళ్ళన్నీ ఊడిపోయాయి" అన్నాడు.

నరసమ్మ చెవులు మూసుకుంది. "చెంపలేసుకో! చెంపలేసుకో తమ్ముడూ! ఆ తల్లి కోరల్ని పట్టుకుని అంత మాటంటావా?"

పుట్టయ్య ఎందుకో తెలియకుండానే చెంపలేసుకున్నాడు. "కోరలుండేవక్కా, కాదనను. వయసులో ఉన్నప్పుడు పెద్ద కోరలే" అని గొణిగాడు.

"పాపం, ఒక్కతే ఉంటుంది" అంది ఇప్పమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"ఒక్కతేమిటి? లోకమంతా ఆవిడ పిల్లలే!" అంది నరసమ్మ.

"లోకమంతా కాదులే అక్కా. పెంచింది నన్నొక్కణ్ణే" అన్నాడు పుట్టయ్య.

"నీకు ఈమధ్య గర్వం ఎక్కువైంది" అంది నరసమ్మ.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇప్పమ్మ మాత్రం మూలకి వెళ్ళి వెక్కిళ్ళు పెట్టింది. 'ఒళ్ళంతా గాయాలట. పళ్ళన్నీ ఊడాయట. మా అక్కకి ఏదో అయింది. నాకు చెప్పకుండా దాస్తున్నారు' అనుకుంది. అడుగుదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ఆ 'ఎక్క...' వచ్చేలా ఉంది. గబుక్కున మూసుకుంది.

తరవాత కుక్క మాట వచ్చింది. బూడిదని తీసుకెళ్ళాలా, వద్దా?

"దాన్ని తెప్ప ఎక్కించలేం" అంది ఇప్పమ్మ.

"అన్ని మెట్లు అది ఎక్కలేదు" అంది నరసమ్మ.

"అది మొరిగితే గబ్బిలాలన్నీ లేస్తాయి" అన్నాడు పుట్టయ్య.

మూడు కారణాలూ వేరు. కానీ ముగ్గురూ తేల్చింది ఒకటే, కుక్క వద్దని. తేలిందొకటే కాబట్టి, పక్కవాళ్ళు చెప్పిన కారణం ఎవరి చెవికీ ఎక్కలేదు.

వాకిట్లో పడుకున్న బూడిద మాత్రం మూడూ విన్నది. దానికి తల తిరిగిపోయింది. 'తెప్ప. మెట్లు. గబ్బిలాలు. ఏడు మందల వెంట తిరిగాను. ఈ మూడూ ఒక్కచోట ఉన్న తావు ఎక్కడా చూడలేదే!' అనుకుంది.

మరునాడు పొద్దున అందరూ మూటలెత్తుకుని గుహ దాటుతున్నారు. బూడిద లేచి నిలబడింది.

"అయ్యా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇంతకీ ఎక్కడికి?"

మూటలన్నీ ధబధబా కిందపడ్డాయి. "అయిపోయింది! అశుభం పలికింది!" అని నరసమ్మ చతికిలబడింది. ప్రయాణం ఆగింది. గుహ నియమం ప్రకారం మూడు రోజులు ఆగాలి.

మూడు రోజులూ బూడిదతో ఎవరూ మాట్లాడలేదు, తునికి తప్ప. తునికికి ఇంకా మాటలు రావు. అయినా బూడిద దాని చెవి నాకుతూ, దిగులుగా, మెల్లిగా అడిగేది. "ఎక్కడికే నా బంగారూ? ఎక్కడికి తీసుకుపోతున్నారే నిన్ను?" తునికి దాని నోటి వంకే చూసేది. పెదవులు కదిపేది.

నాలుగో రోజు మళ్ళీ బయలుదేరారు. చెట్టు మీదనుంచి ఒక కొండముచ్చు తోక ఊపింది.

"ఓహో! సొరబుర్రలు, పరుపు, వేపమండలు! పెళ్ళికా, చేపలకా, జాతరకా? ఇంతకీ సకుటుంబంగా ఎక్కడికీ?"

"నీ నోరు పడిపోను!" అంది నరసమ్మ. మళ్ళీ మూడు రోజులు. ఈ మూడు రోజుల్లో ఆకాశం నల్లబడింది. గాలి తడి వాసన వేసింది.

"ఇంక ఆగితే తొలకరి పట్టుకుంటుంది. పిల్లకి ఆరో నెల కూడా వచ్చేస్తుంది" అన్నాడు పుట్టయ్య.

"ఈసారి ఎవరేమన్నా మనకి వినపడకూడదు. అంతే కదా?" అంది నరసమ్మ. పరుపులోంచి బూరుగు దూది లాగి ముగ్గురి చెవుల్లోనూ గట్టిగా కూరింది. "ఇంకొక మాట. వెనక్కి తిరిగి చూడకూడదు. అదీ శకునమే."

"ఆఁ?" అన్నాడు పుట్టయ్య, దూది చెవులతో.

"తిరిగి చూడకూ అంటున్నా!" అని నరసమ్మ సైగ చేసి చూపించింది.

ఇప్పమ్మ రెండు సొరబుర్రల్ని నారతాడుతో తునికి నడుముకి కట్టింది. బూడిద దగ్గరికి వచ్చింది. "నువ్వు గుహ చూసుకో" అంది ఇప్పమ్మ దానితో. తునికి తోక కోసం చెయ్యి చాపి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు.

బూడిద కాసేపు గుహ వాకిట్లో కూర్చుంది. మబ్బుల వంక చూసింది. గుహ వంక చూసింది. 'ఇది రాయి. రాయిని ఎవరెత్తుకుపోతారు? చూసుకోవలసింది దీన్ని కాదు' అనుకుంది. కుంటుకుంటూ వాళ్ళ అడుగుల వెంట నడిచింది.

ముందు పుట్టయ్య, నడుమ ఇప్పమ్మ, వెనక నరసమ్మ. ఇప్పమ్మకి భుజాలు నొప్పెడితే తునికిని నరసమ్మ వీపు మీదకి మార్చారు. అలా ఎండిన వాగు దగ్గరికి వచ్చారు. వాగు నడుమ ఒక చదునురాయి ఉంది. అక్కణ్ణించి మూడు దారులు చీలిపోతాయి.

పుట్టయ్య ఉత్తరపు దారి పట్టాడు. 'పిల్లని చూసుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళున్నారు, నేను ముందు దారి చూస్తాను' అనుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

ఇప్పమ్మ ఏటి దారి పట్టింది. అక్క మీద బెంగతో ఆమె చూపు నేల మీదే ఉంది. మొగుడు ముందే వెళ్ళుంటాడు అనుకుంది. "వదినా, పిల్ల నీ దగ్గరే ఉందిగా, జాగ్రత్త!" అని కేకేసింది. వెనక్కి తిరగలేదు.

నరసమ్మకి ఆ కేక వినపడలేదు. ఆవిడ తునికిని చదునురాయి మీద దించింది. "ఇప్పమ్మా, పిల్లని అందుకో. ఇక్కణ్ణించి మెట్ల దాకా నాకు మౌనం. తల కూడా ఎత్తను" అంది. ఇప్పమ్మ తన ముందే ఉందనుకుంది. కళ్ళు దించుకుని, చేతులు జోడించి, పడమటి దారి పట్టింది. వెనక్కి తిరగలేదు.

చదునురాయి మీద తునికి ఒక్కతే మిగిలింది.

మొదట దానికి భయం వెయ్యలేదు. సొరబుర్ర కొరికింది. తరవాత అటు చూసింది. ఇటు చూసింది. ఎవరూ లేరు. అంతలో పైన కొండల్లో ఉరుము ఉరిమింది. వాన మొదలైంది. వాగులోకి సన్నగా నీళ్ళు వచ్చాయి. ఇంకాసేపటికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఆకులూ పుల్లలూ తిప్పుకుంటూ రాయి చుట్టూ మూగాయి. రాయి మీదకీ ఎక్కాయి. తునికి కాళ్ళు లేచిపోయాయి.

సొరబుర్రలు దాన్ని తేల్చాయి. కానీ వాగు దాన్ని లాక్కుపోతోంది.

అప్పుడు ఒడ్డు మీదకి వచ్చింది బూడిద. చూసింది. ఆలోచించలేదు. కుంటికాలుతోనే దూకింది. ఈదింది. ఒకసారి మునిగింది. తేలింది. తునికి నడుముకున్న నారతాడు పళ్ళతో పట్టుకుంది. ప్రవాహానికి అడ్డంగా కాక, ప్రవాహంతోనే కొంత దూరం పోయి, వంపు దగ్గర అవతలి ఒడ్డు దొరకగానే గట్టెక్కింది. పిల్లని రావిచెట్టు వేళ్ళ మధ్యకి లాగి, తడి ఒంటినంతా నాకింది. తరవాత తలెత్తి ఒక్క పెట్టున ఊళ పెట్టింది. ఉత్తరానికి ఒకసారి. తూర్పుకి ఒకసారి. పడమటికి ఒకసారి.

వాన చేసిన మేలు ఒకటుంది. ముగ్గురి చెవుల్లో దూదీ తడిసి జారిపోయింది. ముగ్గురూ ఆ ఊళ విన్నారు. విని, మొదటిసారి వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు.

మూడు దారుల్లోంచీ ముగ్గురూ పరుగెత్తుకుంటూ వచ్చారు.

"పిల్లేదీ?" అన్నాడు పుట్టయ్య.

"వదిన దగ్గర!" అంది ఇప్పమ్మ.

"నీ దగ్గర కాదూ?" అంది నరసమ్మ.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రావిచెట్టు కిందనుంచి బూడిద చిన్నగా మొరిగింది. ఇప్పమ్మ ఉరికి వెళ్ళి పిల్లని గుండెలకి హత్తుకుంది. హత్తుకున్నాక కోపం వచ్చింది.

"నువ్వు అటెందుకు పోయావయ్యా?"

"పెద్దమ్మ గుహ అటేగా!"

"గుహేమిటి? మా అక్క ఉండేది ఏటి అవతల!"

"మీ అక్క మాటెందుకొచ్చింది ఇప్పుడు? నన్ను పెంచిన పెద్దమ్మ!"

నరసమ్మ నెమ్మదిగా కూలబడింది. "మీరిద్దరూ... పడమటి కొండకి కాదా బయలుదేరింది? పెద్దమ్మ తల్లి దగ్గరికి కాదా?"

"అయితే ఆ పసుపు మా అక్క గాయాలకి కాదా?" అంది ఇప్పమ్మ.

"అయితే నేనెందుకు చెంపలేసుకున్నాను?" అన్నాడు పుట్టయ్య.

అప్పుడు తల్లి చంకలోంచి తునికి తల బయటపెట్టింది. ముగ్గురి మొహాలూ చూసింది. నోరు తెరిచింది. తెరిచి, పుట్టిన తరవాత తన మొదటి మాట పలికింది.

"ఎక్కయికి?"

బూడిద తల దించుకుంది. "నా దగ్గరే నేర్చుకుంది. నేర్పాలని కాదమ్మా. బెంగకొద్దీ అడిగేదాన్ని" అంది.

నరసమ్మ ఏమంటుందో అని అందరూ భయపడ్డారు. ఆవిడ చెవులు మూసుకోలేదు. ఒక చెవిలో ఇంకా మిగిలిన దూది పీకి వాగులో పారేసింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంది.

"పసిబిడ్డ నోట వచ్చిన మాటలో అశుభం ఉండదు. పిల్లా, ఆ మాట ఎప్పుడో నా నోట రావలసింది. గుమ్మం దాటేటప్పుడు అడగొద్దన్నారు మన పెద్దలు. గుమ్మం లోపల కూర్చుని అడగొద్దని ఎవరూ అనలేదు. దాన్ని అంత దూరం సాగదీసింది మనమే."

"ఇప్పుడెలాగ అక్కా?" అన్నాడు పుట్టయ్య. "మూడు దారులూ మూసుకుపోయాయి. తొలకరి పడిపోయింది. తేనె ఉంది" అని చంకలో దాచిన ఆకు దొప్ప తీశాడు. అందులో చుక్క నీరైనా పడలేదు. "నాకించే పెద్ద చెయ్యే లేదు."

నరసమ్మ బూడిద వంక చూసింది.

"ఇప్పమ్మా, ఇది నీకంటే పెద్దదా, చిన్నదా?"

"పెద్దదే వదినా. వయసు మళ్ళింది."

"నీ పిల్లని కన్నతల్లిలా చూసిందా, లేదా?"

"చూసింది."

"నీకంటే పెద్దదై, నీ పిల్లకి తల్లిలాంటిదైతే, నీ పిల్ల దాన్ని ఏమని పిలవాలి?"

ఇప్పమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "పెద్దమ్మా అని!"

బూడిద వెనక్కి జరిగింది. "నేను కుక్కని తల్లీ. గుహ చూసుకోమంటే చూసుకోకుండా వచ్చినదాన్ని. నా చేత్తోనా?"

"పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాలని మనం ఇన్ని రోజులు సర్దుకున్నాం. పెద్దమ్మేమో మన వెనకాలే కుంటుకుంటూ వచ్చింది. ఆ కొండ మీది తల్లి మనకి ఇంతకంటే ఎలా చెప్తుంది?" అంది నరసమ్మ. తనే బూడిద ముందుకాలు వాననీళ్ళతో కడిగి, తేనెలో ముంచింది.

తునికి ఆ కాలు నాకింది. మొహమంతా తేనె పూసుకుంది. తరవాత తోక వెతుక్కుని, గుప్పిట్లో పట్టుకుని, అక్కడే నిద్రపోయింది.

వానాకాలం వెళ్ళాక వాళ్ళు ముగ్గురు పెద్దమ్మల దగ్గరికీ వెళ్ళారు. ఒకరి తరవాత ఒకరి దగ్గరికి. ప్రతిసారీ ముందుగా గుహలో గుండ్రంగా కూర్చునేవాళ్ళు. తునికి నడుమ నిలబడి "ఎక్కయికి?" అని అడిగేది. ఎవరి పెద్దమ్మ, ఏ దారి, పిల్ల ఎవరి వీపు మీద, అన్నీ అందరూ పైకి చెప్పుకునేవాళ్ళు. చెప్పుకున్నాక లేచి, మంచినీళ్ళు తాగి, నోరు మూసుకుని గడప దాటేవాళ్ళు. బూడిద తెప్ప మీద వణికింది. మెట్ల మీద ఆయాసపడింది. గబ్బిలాల్ని చూసి మొరగనే మొరిగింది. అయినా దాన్ని వదిలి వెళ్దామని మళ్ళీ ఎవరూ అనలేదు.

నీతి: గడప దాటేటప్పుడు అడగకూడని మాటని, గడప లోపల కూర్చుని ముందే అడగాలి. అందరికీ తెలుసులే అనుకున్నది నోటితో చెప్పుకుంటేనే అందరిదీ ఒకే దారి అవుతుంది.